కుడికాలి సున్న

తొంభై శాతం కోలుకున్న మనిషి కిందటి నెలలో నూటికి నూరు శాతం పోయాడు. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పినది సరిత. పంజాగుట్ట సందులోని ఒక పునరావాస కేంద్రంలో మా ఇద్దరికీ తిరిగి నడక నేర్పిన ఫిజియోథెరపిస్టు ఆమె. మనిషి పోయాడన్న వార్త వింటే నేను అడిగే ప్రశ్నలు రెండే: ఏ తేదీన, ఏ కారణాన. తేదీ చెప్పింది. మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్, దానితో జ్వరం అని కారణమూ చెప్పింది. వెన్నుపాము దెబ్బతిన్నవారి ప్రాణం మీదికి వచ్చేది తరచుగా అటునుంచే, కాళ్ళ నుంచి కాదు. ఇంతవరకూ అన్నీ సరిపోయాయి. ఆ తర్వాత ఆమె, "వాళ్ళింటికి పోయిన సార్. వచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట. మనిషి తొంభై పర్సెంట్ బాగైండు, ఇంతల గిట్లయింది అని" అంది.

ఆ తొంభై ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. దాన్ని దాని బాల్యం నుంచీ ఎరుగుదును.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి, శస్త్రచికిత్స జరిగి, ఎడమపాదాన్ని తడిగుడ్డలా ఈడ్చుకుంటూ ఆ కేంద్రంలో చేరాను. నేలమాళిగలో పొడుగాటి హాలు. మధ్యలో నడుమెత్తున రెండు ఇనుప కడ్డీలు, వాటి చివర నిలువుటద్దం. కడ్డీలను చెరొక చేత్తో పట్టుకుని, అద్దంలో తనను తాను చూసుకుంటూ, ఒకప్పుడు ఏడాది వయసులో ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న పనిని మనిషి మళ్ళీ నేర్చుకోవాలి. నేను వెళ్ళిన రోజున ఆ కడ్డీల మధ్య ఒకాయన నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడనడం సరికాదు. సరిత వెనక నుంచి నడుముపట్టీ బిగించి పట్టుకుని నిలబెట్టి ఉంచింది. ఆయన ఒక చేయి వదిలి తల దువ్వుకుంటున్నాడు.

"చెయ్యి తియ్యొద్దన్న కద సార్," అంది సరిత.

"అద్దం పెట్టి దువ్వుకోవద్దంటే ఎట్ల?" అని, అద్దంలోంచే నన్ను పలకరించాడు. "కొత్తనా సార్? ఫికర్ చెయ్యకుండ్రి. నేను సుత ఫ్రెషర్‌గనే వచ్చిన. ఇప్పుడు నలభై పర్సెంట్ వచ్చేసింది."

"దేనిలో నలభై?" అన్నాను.

దువ్వెన ఆగింది. ఆ హాలులో అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు.

"మొత్తంల," అన్నాడు.

నలభై ఐదు దాటిన వయసు. కింద ఆసుపత్రి పైజామా, పైన ఇస్త్రీ చొక్కా, చొక్కా జేబులో తెల్లబోర్డు మీద రాసే మార్కర్లు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పే మాస్టారు. ఇతరులు తయారుచేసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టడం ఆ విద్య. హాలులో అందరూ ఆయనను సార్ అనేవారు. నేనూ సార్‌నే కావడంతో, వయసును బట్టి నన్ను పెద్దసార్‌ను చేశాడు.

ఆ నలభై ఎలా వచ్చిందో నాలుగు రోజులలో విచారించి తెలుసుకున్నాను. కండరాల బలానికి వైద్యులు సున్న నుంచి ఐదు వరకూ మార్కులు వేస్తారు. ఆయన ఎడమతొడకు రెండు వేశారు. కుడికాలికి తుంటి మొదలు వేలి కొస దాకా సున్న. ఐదింట రెండు, కనుక నలభై శాతం.

"మరి కుడికాలి సున్న ఏమైంది?" అని అడిగాను.

"సున్నను కలిపితే ఏం మారుతది పెద్దసార్? దేన్ల కలిపినా అంతే ఉంటది కద."

"మొత్తం మారదు. సగటు మారుతుంది."

ఆయన సరిత వైపు తిరిగి, "జనాభాను లెక్కపెట్టి పెట్టి సార్‌కు కాళ్ళు గుంజినయి, వేరే రోగం ఏం లేదు" అన్నాడు.

ఆయన పడిన వైనం ఆయనే చెప్పేవాడు, అడగకపోయినా. సంస్థ ఉన్న రెండో అంతస్తు వరండా పిట్టగోడ ఎక్కి ఫ్లెక్సీ కడుతున్నాడు. దాని మీద ఉన్నది ఆయన బొమ్మే, చేతులు కట్టుకుని. బొమ్మ కింద 'ఇక మిమ్మల్ని ఆపేవారు లేరు' అని రాసి ఉంది. కాలు జారి, కింద నిలిపిన ఆటో కప్పు మీద పడ్డాడు. ఫ్లెక్సీ మాత్రం ఒక మూల తాడుకు వేలాడుతూ చాలా రోజులు తలకిందులుగా ఉందట. ఇది జరిగినది బుధవారం. కేసు కాగితాలలో అదే ఉంది. ఆయన శుక్రవారమని చెప్పేవాడు. ఎందుకని అడిగితే, "శుక్రవారం పడ్డడంటే జనం అయ్యో అంటరు. బుధవారమంటే ఏమంటరు?" అన్నాడు.

ఆయనకు కావలసినది నిజానికి కాలు కాదు, బ్యాచ్. అమీర్‌పేటలో ఒక ఆచారం ఉంది. కొత్త కోర్సు మొదలయ్యే సోమవారం ఒక క్లాసు ఉచితంగా చెబుతారు, దాన్ని డెమో అంటారు. హాస్టళ్ళలో దిగిన పిల్లలు ఒకే పూటలో నాలుగైదు సంస్థల డెమోలు చూస్తారు. రుచించకపోతే మధ్యలో లేచి పక్క భవనానికి పోతారు, చెబుతున్నవారి మొహం కూడా చూడరు. కుర్చీలు నిండుగా ఉంటే బ్యాచ్ ఆ మాస్టారుది, ఖాళీ అయితే ఆయన పని అంతటితో సరి. ఈయన సంస్థకు డైరెక్టరు గుంటూరు వైపు యువకుడు, ఒకప్పుడు ఈయన దగ్గరే ఆ కోర్సు నేర్చుకున్నవాడు. ఆసుపత్రికి వచ్చి, బత్తాయిల సంచీ మంచం మీద పెట్టి, ఒక మాట చెప్పి వెళ్ళాడు: "మీరు బోర్డు దగ్గర నిలబడగలిగిన రోజున బ్యాచ్ మీదేనండి. కుర్చీలో కూర్చుని డెమో చెబితే మాత్రం పిల్లలు ఆగరు సార్, మీకు తెలియనిదేముంది." అప్పటి నుంచి బ్యాచ్ మరొకరు చెబుతున్నారు. ఈయన ఇక్కడ నిలబడడం నేర్చుకుంటున్నాడు.

నేర్చుకోవడం కంటే నేర్పడం మీదే ఆయనకు మక్కువ. కొత్తగా చేరినవారిని ఫ్రెషర్లనేవాడు, హాలును ల్యాబ్ అనేవాడు. నేను కడ్డీల మధ్య అడుగు వేస్తుంటే చక్రాల కుర్చీ దగ్గరికి జరుపుకుని, "పెద్దసార్, మడమ ముందు పడాలె, మునివేళ్ళు తర్వాత. మీరు గవర్నమెంట్ ఆర్డర్ లెక్క కాలు కదుపుతుండ్రు" అనేవాడు. చెప్పినది తప్పు కాదు, సరిత చెప్పేదీ అదే. అయితే మడమ ఎక్కడ ఉందో తెలియని కాళ్ళవాడు మడమ గురించి చెబుతుంటే వినడం సులువు కాదు.

ఆయన భార్య స్కూలు ఆఫీసులో పనిచేసేది. సాయంత్రం డ్యూటీ దిగి టిఫిన్ డబ్బాతో వచ్చేది. "ఇంట్ల చెయ్యి జాపి గ్లాసెడు నీళ్ళు తీసుకోడు పెద్దసార్. ఈడ ఊరందరికి నడక నేర్పుతుండు," అనేది.

"టీచింగ్ వేరే, ప్రాక్టికల్స్ వేరే," అనేవాడు ఆయన.

"మీకు నూరు పర్సెంట్ పనిచేసేది ఒకటే ఉంది. నోరు."

"దాన్ని సుత యావరేజ్‌ల కలపాలె అయితే," అని నా వైపు చూసేవాడు.

ఆదివారం బంధువులు వచ్చేవారు. ఆ రోజు ఆయన వేరే మనిషి. వెన్నుపాము దెబ్బతిన్న కొన్ని వారాలకు కాళ్ళు వాటంతట అవే బిగుసుకోవడం, ఎగరడం మొదలవుతుంది. కుర్చీ పాదపీఠానికి మునివేళ్ళు ఆనించి, మోకాలి మీద చేత్తో ఒక నొక్కు నొక్కితే, ఆయన కుడిపాదం కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకా కొట్టుకునేది. బంధువులకు చూపినది అదే. ఒక మేనమామ చేతులు జోడించాడు. "చూసిండ్రా మామా, బండి స్టార్ట్ అయింది. గేరు పడుడే మిగిలింది," అన్నాడు ఈయన.

నేను సరితను అడిగాను. "బ్రెయిన్‌కెళ్ళి మెసేజ్ వస్తలేదు సార్. దెబ్బకు కింద ఉన్న నరాలు వాటంతట అవే తన్నుతున్నయి," అని చెప్పింది. నాకు వెంటనే బోధపడింది. పై అధికారి సంతకం లేకుండా కింది సెక్షన్లలో ఫైళ్ళు వాటంతట అవే తిరగడం ఉద్యోగకాలమంతా చూశాను. దాన్ని ప్రగతి అని ఎవరూ అనుకోలేదు, వార్షిక నివేదికలలో తప్ప.

ఆ బిగువు తగ్గడానికి డాక్టరు మాత్రలు రాశాడు. కాలు ఎగిరినప్పుడల్లా ఈయన కుర్చీలోంచి జారుతున్నాడు. మాత్ర వేసుకుంటే కాలు మెత్తబడేది, ప్రదర్శన పేలవమయ్యేది. అందుచేత శనివారం రాత్రి మాత్ర ఆయన నోటిదాకా వెళ్ళి దిండు కిందికి చేరేది. శాతం మాత్రం ఆదివారం ఆదివారం పెరిగింది. ప్రభుత్వం కరువుభత్యం పెంచినట్టు నలభై కాస్తా యాభై ఐదైంది, డెబ్బై అయింది, చివరికి తొంభై దగ్గర ఆగింది. వచ్చినవారు కిందటిసారి విన్నదానికంటే పెద్ద అంకె వినకుండా వెళ్ళకూడదన్నది నియమం. ఇంతలో ఎడమతొడ రెండు మార్కుల నుంచి మూడుకు చేరింది. నెలల తరబడి చెమటోడ్చి సాధించినది, నిజంగా జరిగినది. దాన్ని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, మరీ చిన్నదని.

ఒక సాయంత్రం ఇద్దరం లిఫ్టు కోసం ఎదురుచూస్తున్నాం. ఆ అంకెలు తప్పని మళ్ళీ అన్నాను.

"సున్న అని నాకెరుక లేదా పెద్దసార్? టెస్టింగ్ చెప్పేటోణ్ణి," అన్నాడు. "బాగైతుండు అంటే చుట్టాలొస్తరు. గింతే, ఇగ కాదు అంటే ఫోన్ సుత ఎత్తరు. జనం రోగం చూడనీకి రారు, తగ్గుడు చూడనీకి వస్తరు. మీది కరెక్ట్ లెక్కనే. మరి దాన్ని చూడనీకి ఎవరొస్తుండ్రు?"

లిఫ్టు వచ్చింది.

కొన్ని నెలలకు నేను కర్రతో బయట తిరగగలిగాను. ఆయన కడ్డీల మధ్య ఎవరూ పట్టుకోకుండా, మోకాళ్ళు వంగకుండా బ్రేసులు బిగించుకుని, కొంతసేపు నిలబడగలిగాడు. వెంటనే డైరెక్టరుకు ఫోన్ చేసి వచ్చే సోమవారం డెమో తనదేనన్నాడు. నన్నూ రమ్మన్నాడు. "వెనక బెంచీల కూసోండ్రి. గంటసేపు నిలబడ్డనని మీరు టైం చూసి చెప్తే డైరెక్టర్ కాదనడు. నేను చెప్తే నమ్మడు."

"నమ్మకపోవడానికి కారణం నాకు తెలుసు," అన్నాను.

"అందుకే మిమ్మల్ని పిలుస్తున్న," అన్నాడు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషను. సంస్థ ఉన్న భవనంలో లిఫ్టు ఉంది గాని, ఇద్దరు మనుషులు పట్టేదే. చక్రాల కుర్చీ పట్టదు. నేను లిఫ్టులో వెళ్ళాను. ఆయనను పాత విద్యార్థులు నలుగురు కుర్చీతో సహా మెట్లమీదుగా మోసుకొచ్చారు, పల్లకీలో పెళ్ళికొడుకులా. పల్లకీ ఎలా మోయాలో దారి పొడుగునా పెళ్ళికొడుకే చెప్పుకొచ్చాడు. పిల్లలు లోపలికి రాకముందే ఆయనను చెక్క వేదిక మీద, పోడియం వెనక నిలబెట్టారు. మోకాలి బ్రేసులు భార్య సంచీలోనే ఉన్నాయి. పెట్టుకుంటే ప్యాంటు ఉబ్బెత్తుగా కనబడుతుందట.

"పడతావు," అన్నాను.

"రాత్రికెళ్ళి గోళీ వేసుకోలే పెద్దసార్. కాళ్ళు కట్టెల లెక్క ఉన్నయి. వంగుదామన్నా వంగవు."

ఇందులో కొంత నిజం ఉంది. ఆ బిగువును ఊతంగా చేసుకుని నిలబడేవారు కొందరుంటారని సరితే చెప్పింది. అబద్ధంలో కొంత నిజం కలిస్తే దానితో వేగడం ఎంత కష్టమో లెక్కలు చూసినవారికి తెలుసు.

గది నిండింది. డైరెక్టరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను, ఆయన భార్య వెనక బెంచీలో కూర్చున్నాం. ఆయన మొదలుపెట్టాడు. "టెస్టర్ అంటే ఎవరు? పెండ్లికి పోయి కూరల ఉప్పు లేదని చెప్పేటోడు. చెప్తే తిట్టుకుంటరు. చెప్పకుంటే ఊరంత సప్పటి కూర తింటది." పిల్లలు నవ్వారు. ఏదైనా తప్పు, వాళ్ళ భాషలో బగ్, కనబడితే మూడు సంగతులు రాయాలన్నాడు. ఏం జరగాలి, అది ఎక్స్‌పెక్టెడ్. ఏం జరిగింది, అది యాక్చువల్. నష్టం ఎంత, అది సివియారిటీ. ఈ మూడూ లేనిది కంప్లయింటు కాదు, ఏడుపు అన్నాడు. ఇదే మనిషి నోట ఇన్నాళ్ళూ నేను విన్నవి ఎలాంటి అంకెలో తలచుకుంటే ఆశ్చర్యం కలిగింది. ఇంత శుభ్రమైన పద్ధతి చేతిలో ఉంచుకుని దాన్ని తన కాళ్ళ దరిదాపులకు రానివ్వలేదు.

ఆ మూడు మాటలూ రాయడానికి బోర్డు వైపు తిరిగాడు. చెక్క వేదిక మీద టకటక మొదలైంది. ముందు వరసవాళ్ళు కిందికి చూశారు.

"పక్క బిల్డింగుల డ్రిల్లింగ్ నడుస్తుంది. మీరు ఈడ చూడుండ్రి," అన్నాడు.

అంతలో వంగవన్న కాళ్ళు రెండూ ఒక్కసారి ముడుచుకున్నాయి. పోడియం వెనక మనిషి మాయమయ్యాడు. మార్కరు దొర్లుకుంటూ వచ్చి ముందు బెంచీ దగ్గర ఆగింది. భార్య లేవబోయింది. డైరెక్టరు గదిలోకి ఒక అడుగు వేశాడు. పోడియం వెనక నుంచి గొంతు వినబడింది.

"ఎవరు లేవొద్దు. పేపర్లు తీయుండ్రి. బగ్ వచ్చింది. రిపోర్ట్ రాయుండ్రి."

ఎవరూ కదలలేదు. ఆయన చేతులతో పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించి, అందరికీ కనబడేట్టు కూర్చున్నాడు. చొక్కా సరిచేసుకున్నాడు. "ముందల ఉన్న అమ్మా, నువ్వు చెప్పు. ఎక్స్‌పెక్టెడ్ ఏంది?"

"సార్ నిలబడాలి," అంది ఆ అమ్మాయి.

"కరెక్ట్. యాక్చువల్?"

"సార్ కింద కూసున్నరు."

"కూసున్ననా? టెస్టర్ మర్యాద చెయ్యొద్దు."

"పడిపోయిండ్రు సార్."

"మంచిది. సివియారిటీ?"

"క్రిటికల్, సార్."

"ఎట్ల క్రిటికల్? క్లాస్ ఆగిందా?"

ఆమె కాస్త ఆలోచించింది. "లేదు సార్. మైనర్."

గది నవ్వింది, ఆయనా నవ్వాడు. మోసుకొచ్చిన నలుగురూ వచ్చి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతా క్లాసు అందులోంచే చెప్పాడు. నేను గడియారం చూడడం మానేసి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. బయటికి వెళ్ళినవారు ఒక్కరూ లేరు.

పిల్లలు పేర్లు ఇవ్వడానికి కిందికి వెళ్ళాక డైరెక్టరు దగ్గరికి వచ్చాడు. "అదిరిపోయింది సార్. కానీ మీకెందుకండి ఈ రిస్కు? తొంభై శాతం వచ్చేసిందని మీరే చెప్పారు కదా. ఆ పది కూడా కానివ్వండి. పూర్తిగా నిలబడ్డాకే మొదలెడదాం. ఈ బ్యాచ్ ఇప్పటికి వేరే సార్ చూసుకుంటారు లెండి."

ఆదివారాలన్నీ కష్టపడి పెంచిన అంకె తిరిగివచ్చి యజమానినే కరిచింది. ఆయన నా వైపు తిరిగాడు. "పెద్దసార్, మీరు చెప్పుండ్రి," అన్నాడు. ఎంతసేపు నిలబడ్డాడో చెబుతానని, మిగతా పది తొందరలోనే వస్తుందంటానని ఆయన ఆశ. అబద్ధానికి నా ముద్ర వేయించుకోవడానికే నన్ను అక్కడికి పిలిచాడు.

"ఆ పది రాదు," అన్నాను డైరెక్టరుతో. "తొంభై కూడా లేదు. ఎడమతొడ ఐదింట మూడు. కుడికాలు సున్న. పడిన రోజు నుంచీ సున్నే, అది మారుతుందని డాక్టర్లు అనుకోవడం లేదు. మీరు ఎన్నాళ్ళు ఆగినా ఈయన బోర్డు దగ్గర నిలబడి గంట క్లాసు చెప్పలేడు. కనుక ఆగడంలో అర్థం లేదు. ఇవాళ క్లాసు చాలావరకు కూర్చునే చెప్పాడు. లేచిపోయినవారు ఎవరూ లేరు. మీకు పనికొచ్చే లెక్క అదొక్కటే."

డైరెక్టరు తలవంచుకుని ఆలోచించాడు. నేను చూస్తున్నది అతణ్ణి కాదు. ఆయన భార్య చేతిలోని బ్రేసుల సంచీ మెల్లగా నేల మీదికి దిగింది. నోరొక్కటే పనిచేస్తుందని రోజూ ఎగతాళి చేసిన మనిషి ఆ తొంభైలో కొంత నమ్ముతూ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకు ముందునుంచే తెలుసనుకుంటాను. ఆమె వైపు చూడలేదు.

"సరేనండి, కూర్చునే చెప్పండి," అన్నాడు డైరెక్టరు చివరికి. "కింద గది ఖాళీ చేయిస్తాను."

ఆ తర్వాత ఆయన ఇంటి నుంచే కేంద్రానికి రాసాగాడు, అదీ నేను ఉండని వేళకు. తొంభై తొంభైగానే నిలిచిపోయిందని, ఆదివారం అడిగినవారికి "అంతే ఉంది" అని ఊరుకుంటున్నాడని సరిత చెప్పింది. నా చికిత్స ముగిసిన రోజున వరండాలో ఎదురుపడ్డాడు. క్లాసుకు బయల్దేరుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మార్కర్లు. భార్య ముందు కూర్చుని ఆయన కుడిబూటు లేసు కడుతోంది. బ్యాచ్ ఎలా ఉందని అడిగాను.

"ఫుల్లుంది పెద్దసార్. వెనక నిలబడి సుత వింటుండ్రు." పరీక్ష మార్కులు చదివి వినిపించినంత మామూలుగా, "మీకు థాంక్స్ చెప్పాలె. బ్యాచ్ ఇప్పించిండ్రు. కాలు గుంజుకున్నరు" అన్నాడు.

లేసు కడుతున్న ఆమె తల ఎత్తలేదు.

లేనిదాన్ని ఎవరూ గుంజుకోలేరని అనబోయి ఆగాను. ఆయన నాకు చెప్పిన లెక్కలన్నిటిలో నేను తప్పు పట్టలేకపోయినది అదొక్కటే.